రెండు బెజ్జాల బంగారం

పడమటి సీమ పాత కథలు – 11

కిందటి భాగంలో మ్యాకదోనికీ చిన్నకడుబూరుకీ నడుమ ఉన్న పెద్ద గుండు దగ్గర ఆగాం. ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే దారికి ఎడంగా, నల్లరేగడి చేల మధ్య నిలబడిన ఆ బండ మీద శాతవాహన రాజు సిరి పులుమావి పేరు ఉంది. అతని పాలన ఎనిమిదో ఏట, హేమంతంలో, వేపురకం అనే ఊరి గృహపతి ఒకడు చెరువు తవ్వించాడు. ఆ ఊరు గుల్మికుడు (సైనికాధికారి) కుమారదత్తుడి అధీనంలో ఉంది. ఆ ప్రాంతం మహాసేనాపతి ఖందనాగుడిది. మొత్తంగా ఆ సీమ పేరు శాతవాహనిహారం. ప్రాకృతంలో ఉన్న ఈ కొద్ది పంక్తుల శాసనాన్ని వి.ఎస్. సుక్తంకర్ 'ఎపిగ్రాఫియా ఇండికా' 14వ సంపుటంలో ప్రకటించారు. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే మనది కర్నూలు జిల్లా అయింది. అందుకే పాత పుస్తకాల్లో ఈ శాసనం కోసం కర్నూలు పేరుతో వెతికితే దొరకదు.

సొంత ఖర్చుతో చెరువు తవ్వించగలిగినవాడు ఉన్నవాడే. ఆ ఇంట్లో బంగారం ఉండే ఉంటుంది. అది ఏ రూపంలో ఉండేది, ఎక్కడి నుంచి వచ్చేది అన్నదే ఈ భాగం కథ. అది అడగవలసిన ప్రశ్నే. శాతవాహనులు సీసంతో నాణేలు కొట్టారు, పోటిన్ అనే మిశ్రలోహంతో కొట్టారు, రాగితో కొట్టారు, కొద్దిగా వెండితోనూ కొట్టారు. బంగారు నాణెం మాత్రం వేయలేదు. అంటే ఈ సీమలో ఆ రోజుల్లో సంత బేరాలకు సీసం, రాగి చాలేవి. బంగారం ఒంటి మీదికే. ఆ బంగారంలో కొంత మధ్యధరా సముద్రం అవతల నుంచి, రోమ్ చక్రవర్తుల తలలతో, దేవతల బొమ్మలతో వచ్చింది.

రుజువులు మన చుట్టూ ఉన్నాయి. తూర్పున నంద్యాలలో 1932లో రోమన్ బంగారు నాణేల నిధి బయటపడింది. నైరుతిలో చిత్రదుర్గం పక్కనున్న చంద్రవల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి దినారియస్‌లు దొరికాయి. ఉత్తరాన కొండాపురంలో అగస్టస్ బంగారు నాణెం, నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒకే చోట 1,531 వెండి నాణేలు. నాగార్జునకొండలో టైబీరియస్ నాణెంతో పాటు చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య ఫౌస్టినా పేరున వేసిన బంగారు నాణెం. ఇన్నిటి నడుమ ఆదోని, ఎమ్మిగనూరు ఖాళీగా కనిపిస్తాయి. ఎందుకో తరవాత చూద్దాం. ముందు నెల్లూరు రైతు సంగతి చెప్పాలి.

1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట వాలున దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని కింద ఒక ముంత, ముంతలో బంగారు బిళ్లలు. రైతు చేసిన పని మనలో ఎవరైనా చేసేదే: పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి కూడా. కబురు ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమ్రాకి చేరాక ముప్పైకి పైగా నాణేలు దక్కాయి. వాటిని చూసిన మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రెండు ఏరుకుని, ఈ కథంతా ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరం కలకత్తా 'ఏషియాటిక్ రిసెర్చెస్' రెండో సంపుటంలో 1790లో అచ్చయింది. ఎక్కువ నాణేలు ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టినాలవి. అంటే రెండో శతాబ్దానివి. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. మరికొన్ని బాగా అరిగిపోయి, బెజ్జాలు పడి ఉన్నాయట. వాటిని దండకో మెడకో కట్టుకుని ఉంటారని డేవిడ్‌సన్ అప్పుడే ఊహించాడు.

ఆ ఊహ సరైనదే. ఆంధ్ర, తెలంగాణల్లో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో బెజ్జాలున్నవి చాలా ఉన్నాయి. తరచుగా కనిపించేది జంట బెజ్జం. చక్రవర్తి తల మీద, అంచుకు దగ్గరగా, పక్కపక్కనే రెండు చిన్న రంధ్రాలు. ఒక్క బెజ్జంతో దారం కడితే బిళ్ల గిర్రున తిరుగుతుంది. రెండుంటే ముఖం బయటికి తిరిగి కుదురుగా నిలబడుతుంది. ఆ పని చేసిన కంసాలికి నాణెం ఎవరిదో తెలియకపోవచ్చు గానీ, బొమ్మకు పైభాగం ఏది, కిందిభాగం ఏది అన్నది తెలుసు. బొమ్మ తలకిందులు కాకూడదన్న పట్టింపూ ఉంది.

బరువు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రోమన్ బంగారు నాణేన్ని ఆరియస్ అంటారు. అగస్టస్ కాలంలో ఒక రోమన్ పౌను బంగారంతో 40 ఆరియస్‌లు కొట్టేవారు. ఒక్కొక్కటి 7.8 గ్రాములకు కాస్త అటూ ఇటూ. నీరో వచ్చాక అదే పౌనుకు 45 కొట్టించాడు, బరువు 7.3కి దిగింది. మన ఇళ్లలో కాసు అంటే 8 గ్రాములు. మొదటి ఆరియస్‌లు ఇంచుమించు కాసు తూకమే. కాబట్టి ఈ వ్యాసంలో ఇకమీద ఆరియస్‌ను కాసు అనే అంటాను.

కాసులపేరు దగ్గర ఒక సంగతి గమనించాలి. ఇప్పటి కాసుల మీద లక్ష్మీదేవి ఉంటుంది. అమ్మమ్మల కాలపు కాసులపేర్లలో కొన్నింటిలో ఉన్నవి అసలు ఇంగ్లీషు సవరన్లు. ఒక వైపు విక్టోరియా రాణి, లేదా అయిదో జార్జి. రెండో వైపు గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపుతున్న సెయింట్ జార్జి. శుక్రవారం తలంటి పోసుకుని ఆ పేరు వేసుకుని గుడికి వెళ్లిన పెద్దమ్మలెవరూ విక్టోరియాకు మొక్కలేదు, సెయింట్ జార్జికి కొబ్బరికాయ కొట్టలేదు. బంగారం మంచిది, బిళ్ల గుండ్రంగా ఉంది, బొమ్మ అందంగా ఉంది. అంతే. పులుమావి కాలపు గృహపతి ఇంట్లో ట్రాజన్ కాసు వేసుకున్న ఆమె విషయంలోనూ ఇంతకు మించి ఊహించనక్కర్లేదని నా అభిప్రాయం. రోమన్ నాణెం వెనక వైపు జూపిటర్, హెర్క్యులెస్, మార్స్, యుద్ధంలో గెలుపునిచ్చే విక్టరీ, పంటల దేవత సీరిస్ వంటివాళ్లు వంతులవారీగా కనిపిస్తారు. తల వైపు బయటికి పెట్టి కట్టినప్పుడు ఆ దేవతలంతా ఆమె గుండెకు ఆనుకునే ఉన్నారు. పేరు తెలియకుండానే.

బంగారం అందనివాళ్ల సంగతీ ఉంది. కొండాపురంలో 1940లలో యజ్దానీ తవ్వకాలు జరిపినప్పుడు మట్టి బిళ్లలు దొరికాయి. రోమన్ నాణేన్ని చూసి అచ్చు తీసి, కాల్చి, తగిలించుకోవడానికి కొక్కెమో బెజ్జమో పెట్టిన బిళ్లలు. శాతవాహనుల ఏలుబడిలోని మరికొన్ని ఊళ్లలోనూ ఇలాంటివి వచ్చాయి. ఆ కాలపు వన్‌గ్రామ్ గోల్డ్ అన్నమాట. పరదేశపు వస్తువుకు నకలు తయారైందంటే దాని మోజు కోటల్లో ఆగిపోకుండా వీధిలోకి వచ్చిందని లెక్క.

ఇప్పుడు ఈ కాసులు బయల్దేరిన చోటికి వెళ్దాం.

రోమ్‌లో మగవాడి ఒంటి మీద పరువుగా ఉండదగిన నగ ఒక్కటే, ఉంగరం. బంగారపు ఉంగరం పెట్టుకోవడానికి కూడా హక్కు కావాలి. టైబీరియస్ కాలంలో పెట్టిన కట్టడి ప్రకారం తాత తరం నుంచి స్వేచ్ఛాపౌరులై ఉండాలి, 4 లక్షల సెస్టర్స్‌ల ఆస్తి ఉండాలి. మన లెక్కలో 4 వేల కాసులు. మిగతావాళ్లు ఇనుముతోనే సరిపెట్టుకోవాలి. ఆ ఉంగరంలో ఒక రాయి. రాయి మీద లోతుకు చెక్కిన దేవుడు. అది అలంకారం మాత్రమే కాదు, సంతకం. ఉత్తరానికీ, వీలునామాకీ, సరుకు మూటకీ, ఇంట్లో ద్రాక్షసారా జాడీ మూతకీ మైనం అద్ది దాని మీద ఉంగరం నొక్కితే రాయిలోని దేవుడు మైనంలో పైకి లేస్తాడు. అందుకే చెక్కేవాడు బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. కుడి చేతిలో శూలం కనిపించాలంటే రాయిలో ఎడమ చేతిలో ఉండాలి.

ఎవరి దేవుడు వారిది. వర్తకుడికి డబ్బు సంచి పట్టుకున్న మెర్క్యురీ. సిపాయికి మార్స్, లేదా రెక్కల విక్టరీ. పొలాలున్నవాడికి వరి కంకిలాంటి గోధుమ కంకి పట్టిన సీరిస్. ఓడ మీద సరుకు వేసినవాడికి ఫార్చ్యూనా. ఆమె ఒక చేతిలో చుక్కాని, రెండో చేతిలో పళ్లూ పూలూ పొంగే కొమ్ము. అలెగ్జాండ్రియా నావికులకు తల మీద ధాన్యపు కుంచం మోసే సెరాపిస్. ఇంత బొమ్మ ఎంత చోటులో? చిటికెన వేలి గోరంత రాయిలో. కొన్ని ఇంకా చిన్నవి.

ఈ రాళ్లు ఎంత మామూలుగా వాడుకలో ఉండేవో బ్రిటన్‌లో తెలిసింది. వేల్స్‌లోని కేర్లియన్ సైనిక శిబిరంలో స్నానశాల మురుగుకాలువ తవ్వితే 88 చెక్కిన రాళ్లు దొరికాయి. వేడి నీటి ఆవిరికి ఉంగరంలోని జిగురు కరిగి రాయి జారిపోయేది. సిపాయి చూసుకునేసరికి దేవుడు కాలువలో. తరవాత కార్లయిల్‌లోనూ ఇలాగే స్నానశాల కాలువలో ముప్పైకి పైగా బయటపడ్డాయి. కంసాలులకు చెప్తే నవ్వుతారు గానీ, రాయిని జిగురుతో కూర్చకుండా అంచు మడిచి కుందనం కట్టి ఉంటే ఈ రాళ్లు మ్యూజియానికి వచ్చేవి కావు.

పై మెట్టు మీద చక్రవర్తి ఉంగరం ఉంది. అగస్టస్ మొదట స్ఫింక్స్ బొమ్మ వాడాడు. మనిషి తల, సింహం ఒళ్లు ఉండే ఆ జీవి పొడుపుకథలు వేస్తుంది కాబట్టి అతని ఉత్తరాలు కూడా పొడుపుకథలే అని జనం ఎగతాళి చేశారు. తరవాత అలెగ్జాండర్ తల. చివరికి తన తలే. దాన్ని చెక్కినవాడు డయోస్కోరిడీస్. అగస్టస్ తరవాత వచ్చిన చక్రవర్తులు కూడా ఆ ముద్రనే వాడుకున్నారు. డయోస్కోరిడీస్ కొడుకులూ అదే పని చేశారు, రాళ్ల మీద సంతకాలు కూడా పెట్టారు. గోరంత రాయిలో దేవుడినీ, దేవుడి కింద కంటికి ఆనని అక్షరాల్లో తన పేరునూ చెక్కిన వంశమది.

అసలు ఇంత గట్టి రాయిని చెక్కడం ఎలా? ఉలి పనికి రాదు. అకీకు, సులేమాని లాంటివి ఇనుముకు లొంగవు. విల్లుతో తిప్పే బర్మాకు మెత్తని ఇనుప మొన పెట్టి, నూనె కలిపిన గరుకు పొడి వేస్తూ అరగదీయాలి. పొడికి నాక్సోస్ దీవి నుంచి తెచ్చిన కురువింద రాయి వాడేవారు. కానీ పనితనం ఉన్నవాళ్ల దగ్గర ఇంకో రహస్యం ఉంది. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు చనిపోయిన ప్లినీ తన 'నేచురల్ హిస్టరీ' ఆఖరి పుస్తకాన్ని, 37వదాన్ని, మొత్తం రత్నాలకే కేటాయించాడు. అందులో వజ్రం గురించి రాస్తూ ఒక మాట చెప్తాడు. వజ్రం పగిలితే కంటికి ఆననంత చిన్న ముక్కలవుతుందనీ, రత్నాలు చెక్కేవాళ్లు ఆ ముక్కల కోసం ఎగబడతారనీ, వాటిని ఇనుములో పొదిగి ఎంత గట్టి రాయినైనా సులువుగా తొలుస్తారనీ.

ఆ వజ్రం ఎక్కడిది? పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్ గనులు తెరుచుకునేదాకా ప్రపంచానికి వజ్రాలు పంపినది ప్రధానంగా మన దేశమే. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి చేతిపుస్తకం 'పెరిప్లస్' మలబారు తీరంలోని ముజిరిస్ రేవులో ఓడలకెక్కే సరుకుల్లో వజ్రాన్నీ, రకరకాల పారదర్శక రాళ్లనూ చేర్చింది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో గుడారాలు వేసుకుని ఎర్రమట్టిలో వంగి నడిచే జనాన్ని ఏటా చూసే మనకు ఈ వరుస చదివితే ఒళ్లు ఝల్లుమంటుంది. అయితే ఇక్కడ కాస్త నిగ్రహం కావాలి. ఫలానా రోమన్ శిల్పి బర్మా మొన మీదిది మన జొన్నగిరి వజ్రమేనని ఎవరైనా రాస్తే అది కథ అవుతుంది, చరిత్ర కాదు. చెప్పదగినది ఇది: ఆ మొన మీది వజ్రం ఇండియాది, ఇండియాలో వజ్రాలు దొరికే నేలల్లో మనది పేరున్న నేల.

దీన్ని శాస్త్రజ్ఞులు పరీక్షించారు కూడా. లియొనార్డ్ గోరెలిక్, జాన్ గ్విన్నెట్ అనే ఇద్దరు అమెరికన్లు పాత పూసల రంధ్రాల లోపలి గోడలకు అచ్చు తీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఏ మొనతో ఎలాంటి గీతలు పడతాయో పోల్చారు. వజ్రం గీసిన గీత ఒద్దికగా, లోతుగా, వరుస చుట్లుగా ఉంటుంది. గరుకు పొడితో తొలిచిన రంధ్రం అలా ఉండదు. 1988లో వాళ్లు రాసిన వ్యాసం సారాంశం, వజ్రపు మొన వాడకం ఇండియా నుంచి రోమన్ ప్రపంచానికి ప్రయాణం చేసిందని. గుజరాత్‌లోని ఖంభాత్‌లో పూసలు తొలిచేవాళ్లు ఈ రోజుకీ బర్మా కొసన రెండు వజ్రపు రవ్వలు పొదిగి వాడతారు.

రాయి కూడా చాలావరకు మనవైపుదే. రోమన్ ఉంగరాల్లో ఎక్కువగా కనిపించేది ఎర్రటి అకీకు. దక్కనులో నల్లరాతి పొరల మధ్య ఏర్పడే ఈ జాతి రాళ్లను కాలిస్తే ఎరుపు ముదురుతుంది. తెలుపూ గోధుమరంగూ పొరలున్న సార్డోనిక్స్ మీద పై పొరను బొమ్మగా ఉంచి మిగతాది తీసేస్తే, గోధుమరంగు నేల మీద తెల్లటి దేవుడు లేస్తాడు. దాని మైనపు గుణం గురించి ప్లినీ ప్రత్యేకంగా చెప్తాడు, ముద్ర వేసి ఎత్తితే మైనం అంటుకోదట. చారల రాళ్లు పైఠాన్ నుంచి బండ్ల మీద భరుకచ్ఛం రేవుకు దిగేవని 'పెరిప్లస్' చెప్తుంది. పైఠాన్ శాతవాహనుల ఊరే. ఇక మన తెలంగాణ వంతు గార్నెట్. పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికిన గార్నెట్ రాళ్లను ఖనిజ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అవి కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్టవని 2017లో తేల్చారు. అరికమేడులో వాటిని పూసలు చేసేవారు. అక్కడే రెక్కల మన్మథుడు క్యూపిడ్, పక్కన ఒక పక్షి చెక్కిన పలుగురాయి ఒకటి దొరికింది. అంచులు ఇంకా చెక్కని, పని పూర్తికాని రాయి. దిగుమతి సరుకైతే సగం పనితో రాదు కదా. ఆ తీరంలోనే ఎవరో కూర్చుని పడమటి దేవుడిని చెక్కుతున్నారన్నమాట.

కాబట్టి ఈ వ్యాపారాన్ని 'వాళ్లు బంగారం ఇచ్చారు, మనం మిరియాలు ఇచ్చాం' అని తేల్చేస్తే సగం పోతుంది. జూపిటర్‌కూ మినర్వాకూ రోమ్‌లో రూపం ఇచ్చిన రాయి, ఆ రూపం తీసిన మొన ఇటు నుంచి వెళ్లాయి. వాటి ధరగా అదే దేవతలు బంగారు బిళ్లల మీద అచ్చయి ఇటు వచ్చారు. వచ్చినవాళ్లకు మన కంసాలి రెండు బెజ్జాలు వేశాడు.

బంగారం తరలిపోతోందని రోమ్‌లో గగ్గోలు పుట్టింది. ఆడవాళ్ల రత్నాల కోసం తమ సొమ్ము పరదేశాలకు, శత్రువులకు కూడా పోతోందని టైబీరియస్ సెనేట్‌కు ఉత్తరం రాశాడు. ప్లినీ అంకె వేశాడు: ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు లాగేస్తోందని. నూరు సెస్టర్స్‌లకు ఒక కాసు. అంటే 5 లక్షల కాసులు, నీరో తరవాతి తూకంలో చూసినా మూడున్నర టన్నులు దాటుతుంది. ఇంకోచోట ఇండియా, చైనా, అరేబియా మూడూ కలిపి 10 కోట్లు అన్నాడు. ఆయన ఏడుపుకు ముఖ్య కారణం లోలియా పౌలినా అనే ఆవిడ. మామూలు నిశ్చితార్థం విందుకు తలా చెవులూ మెడా వేళ్లూ పచ్చలూ ముత్యాలతో నింపుకుని 4 కోట్ల నగలతో వచ్చిందట. అడిగినవాళ్లకు రసీదులు చూపించడానికి సిద్ధంగా ఉందట. మన పెళ్లిళ్లలో రసీదులు తప్ప మిగతావన్నీ చూశాం.

ప్లినీ లెక్కను నేను పూర్తిగా నమ్మను. వియన్నాలో ఉన్న ఒక పాపిరస్ కాగితం రెండో శతాబ్దంలో ముజిరిస్ నుంచి తిరిగొచ్చిన 'హెర్మపొల్లాన్' అనే ఓడ సరుకు విలువ చెప్తుంది. 1985లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం ఒక్క ఓడలో దాదాపు 70 లక్షల సెస్టర్స్‌ల సరుకు. 70 వేల కాసులు. కానీ ఆ సరుకు మీద రోమ్ ఖజానా నాలుగో వంతు సుంకం వసూలు చేసుకునేది. మిరియం గింజ మీదా, మల్లు బట్ట మీదా, ముత్యం మీదా. బంగారం పోతోందని ఏడ్చిన రాజ్యమే ఆ పోవడం మీద బాగా తిన్నది. ప్లినీ ఆ మాట ఎత్తడు. (మల్లు బట్ట అన్నాను కదా, కృష్ణా ముఖద్వారంలోని మసాలియా సీమలో సన్నబట్ట నేసేవారని 'పెరిప్లస్' చెప్తుంది. మాచాని సోమప్ప 1938లో సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మగ్గాల దగ్గరికి ఈ ధారావాహిక చేరాలంటే ఇంకా పదిహేడు వందల ఏళ్లు నడవాలి.)

ఇటు వచ్చిన బంగారం మన శిల్పుల కంట పడకుండా పోలేదు. పులుమావి వంశం తరవాత ఏలిన ఇక్ష్వాకుల విజయపురి, అంటే నాగార్జునకొండలో, ఒక స్తంభం మీద గడ్డంతో, ఒంటి మీద బట్ట దాదాపు లేకుండా, తాగే కొమ్ము పట్టుకుని పక్కన మద్యపు పీపాతో నిలబడిన మనిషి ఉన్నాడు. గ్రీకుల డయోనైసస్, రోమన్ల బాకస్. అక్కడే లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో అంగుళం వెడల్పు గుండ్రటి బంగారు బిళ్లలు రెండు దొరికాయి. ఒక దాని మీద మగవాడి తల, రెండో దాని మీద ఆడమనిషి తల, రెండూ గ్రీకు పద్ధతిలో. ఉజ్జయిని ఆడపడుచు రుద్రధర భట్టారిక అక్కడి మహాచైత్యానికి 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు శాసనం ఉంది. రోమన్ దినారియస్ పేరు అప్పటికి బౌద్ధుల దానాల లెక్కలోకి వచ్చేసింది.

మన కంసాలి పని రోమన్ల దగ్గర నేర్చుకున్నది కాదని కూడా చెప్పాలి. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపం తవ్వినప్పుడు ధాతువు పేటికల్లో స్ఫటికపు భరిణెతో పాటు బంగారు పువ్వులూ పూసలూ ఉన్నాయి. అవి అగస్టస్ పుట్టకముందటివి. పనితనం ఇక్కడ ముందే ఉంది. దానికి కొత్త సరుకు మాత్రం దొరికింది.

మరి మన ఆదోని, ఎమ్మిగనూరుల ఖాళీ? రోమన్ వర్తకులు ఆదోని కోట కింద బిడారం దిగారని నమ్మించే మాటలు అప్పుడప్పుడు వినిపిస్తాయి. అవి పక్కన పెడదాం. ఆ కాలంలో రేవు దాటి లోపలికి వచ్చిన పరదేశి అరుదు. సరుకు చేతులు మారుతూ నడిచేది. అయితే పులుమావి సేనాపతి ఏలిన నేలకు, పక్క నంద్యాలకు వచ్చిన బంగారం రాలేదనడానికీ కారణం లేదు. తేడా ఒక్కటే. నంద్యాలది భూమిలో దాచి మరిచిపోయిన బంగారం. మెడలో వేసుకున్నది ఎప్పుడూ మరిచిపోలేదు. అది అమ్మ నుంచి కూతురికి వెళ్తుంది, కూతురి పెళ్లికి మోడల్ మారుతుంది, మూసలోకి వెళ్తుంది. పుటం పెట్టాక ట్రాజన్ ముక్కు మిగలదు. ఆదోని అంగళ్లలో గీటురాయి మీద ఈ రోజు గీసే పాత బంగారంలో రోమ్ గనుల రేణువు ఉండొచ్చు, దాన్ని వేరు చేసి చూపించే గీటురాయి ఎక్కడా లేదు.

దొరికినవి కూడా ఎందుకు బయటికి రావో అందరికీ తెలుసు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. పది రూపాయలు దాటిన విలువ గలది ఏది నేలలో దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ మాట వినగానే మనవాళ్లు మూసనే నమ్ముకుంటారు. చట్టంలో మిగతా సగం ఎవరూ చదవరు. ఇంకెవరి హక్కూ తేలకపోతే నిధి దొరికినవాడిదే. నేల యజమాని వేరే ఉండి, వాళ్ల మధ్య ఒప్పందం లేకపోతే ముప్పాతిక దొరికినవాడికి, పాతిక నేలవాడికి. ప్రభుత్వం మ్యూజియానికి తీసుకోదలిస్తే లోహం విలువ ఇచ్చి, దాని మీద ఇంకో ఐదో వంతు ఇవ్వాలి. నెల్లూరు రైతుకు దొరికిన ధర పాత బంగారం ధర మాత్రమే.

ఇంతకీ ఒక చిక్కు మిగిలింది. సొంత బంగారం లేని దేశం పరాయి బంగారానికి ఎగబడిందంటే అర్థం ఉంది. కానీ పత్తికొండ పక్కన జొన్నగిరిలో బంగారం ఉంది. పడమట మస్కి, హట్టి వైపు పాత గనులున్నాయి. మౌర్యుల దక్షిణ రాజధాని పేరే సువర్ణగిరి, అది మన జొన్నగిరేనని చాలామంది చరిత్రకారుల మాట. మరి ఆ గనులు ఎవరివి, ఆ బంగారం ఎటు పోయింది? 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త ఎర్రగుడి గుట్ట ఎక్కి అశోకుడి అక్షరాలు చూసిన చోటి నుంచి వచ్చే భాగం.

(ఇంకా ఉంది)